పాత వాచీని ఎంతవరకు బాగుచేయించాలి: ఏది మేలు?

"తాతగారి కీ వాచీ దొరికింది. అద్దం నిండా గీతలు, డయల్ మీద మచ్చలు, కీ ఇస్తే కాసేపు ఆడి ఆగిపోతోంది. కొత్తదానిలా చేయించమంటారా, అలాగే ఉంచమంటారా?" మాటలు అటూఇటుగా మారినా నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. అడిగినవారిలో చాలామంది అప్పటికే పాలిష్‌కు ఇవ్వడానికి సిద్ధపడి ఉంటారు. అందుకే వాచీ చేయి దాటకముందే వివరంగా చెప్పాలనిపించింది.

ఉన్న దారులు ఇవి. ఏమీ ముట్టుకోకుండా దాచుకోవడం. లోపలి యంత్రానికి మాత్రం ఓవర్‌హాలింగ్ చేయించడం. దాంతోపాటు అద్దం, క్రౌన్ (కీ ఇచ్చే పక్క బిరడా), రబ్బరు రింగుల వంటివి మార్పించడం. డయల్‌కు కొత్త రంగు వేయించి, కేసుకు, అంటే బయటి లోహపు గూడుకు, పాలిష్ పెట్టించి అచ్చంగా కొత్తదాన్ని చేయడం. పాత యంత్రాన్ని తీసేసి బ్యాటరీ యంత్రం పెట్టించేవారూ ఉన్నారు గానీ, అది వాచీని బాగుచేయించడం కిందకు రాదు.

నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. లోపల ఎంత పని అవసరమైతే అంతా చేయించండి, బయట వీలైనంత తక్కువ చేయించండి. యంత్రాన్ని చేసినవారే దాన్ని విప్పి బిగించడానికి వీలుగా స్క్రూలతో కూర్చారు. నూనె ఆరిపోతుందని, కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపించే మెయిన్ స్ప్రింగ్ అలసిపోతుందని వారికి తెలుసు. అక్కడ కొత్త భాగం వేయడమంటే వారి ఉద్దేశాన్ని కొనసాగించడమే. డయల్ అలా కాదు. దాని మీది రంగు, అచ్చు ఒక్కసారి పడినవి. తుడిచేస్తే మళ్లీ రావు.

ఏమీ చేయించకపోవడం తప్పేమీ కాదు. తేమ తగలని చోట ఉంచి, కీ ఇవ్వకుండా వదిలేస్తే వాచీ దాని మానాన అది ఉంటుంది. చిక్కల్లా మధ్యమధ్య ముచ్చటపడి కీ ఇచ్చి నడిపించడంతోనే. పాత కీ వాచీల్లో ఎక్కువభాగం గంటకు 18,000 సార్లు టిక్కుమంటాయి, అంటే రోజుకు 4,32,000. అటూఇటూ ఊగుతూ ఆ టిక్కులను నడిపే బ్యాలెన్స్ చక్రం ఇరుసు మొన మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు. ఏళ్ల తరబడి ఆరిన నూనె, అందులో కలిసిన లోహపు పొడి ఆ సన్నని మొనలను, చక్రాల ఇరుసులను ఉప్పు కాగితంలా రుద్దుతాయి. నడుస్తోంది కదా అని సంతోషిస్తున్నంతసేపూ లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది. కాబట్టి చేతికి పెట్టుకోదలిస్తే ఓవర్‌హాలింగ్ తప్పనిసరి. పెట్టుకోకపోతే కీ జోలికి పోవద్దు.

ఓవర్‌హాలింగ్ అంటే వెనక మూత తీసి నాలుగు చుక్కల నూనె వేయడం కాదు. యంత్రాన్ని పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ కడిగి, అరిగినవి మార్చి, ఒక్కోచోట ఒక్కో రకం నూనె కొద్దికొద్దిగా వేసి తిరిగి కూర్చాలి. పని సరిగ్గా జరిగిందో లేదో టైమ్‌గ్రాఫర్ అనే పరికరం చూపిస్తుంది. అది టిక్కు చప్పుడు విని, వాచీ రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోందో, బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతోందో చెబుతుంది. నిండా కీ ఇచ్చి వెల్లకిలా పెట్టినప్పుడు ఊపు 270 డిగ్రీలు దాటితే సంతోషించవచ్చు. 200 కూడా రాకపోతే యంత్రంలో ఇంకా పని మిగిలి ఉన్నట్టే. పనికి ముందు, పని తర్వాత రీడింగులు అడిగి తీసుకోండి. పాత ఉక్కు మెయిన్ స్ప్రింగ్ ఉంటే తుప్పు పట్టని మిశ్రలోహపు స్ప్రింగ్ వేయించడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

అద్దం విషయంలోనూ పెద్దగా ఆలోచించక్కర్లేదు. చాలా పాత వాచీలకు ఉన్నది ప్లాస్టిక్ అద్దమే. పైపై గీతలు మెత్తని పాలిష్ పేస్టుతో పోతాయి, పగిలితే కొత్తది వేయించుకోవచ్చు. కాకపోతే మార్చే ముందు పాతదాన్ని భూతద్దంతో ఒకసారి చూడండి. ఒమేగా వాచీల ప్లాస్టిక్ అద్దాల నడిమధ్యన కంపెనీ గుర్తు కంటికి ఆనీ ఆననట్టు చెక్కి ఉంటుంది. క్రౌన్ మీద కంపెనీ గుర్తు ఉంటే, అరిగిపోయినా సరే, దాన్ని పారేయనివ్వకండి. రబ్బరు రింగులు మార్పించండి గానీ, ఆ ధైర్యంతో పాత వాచీని నీళ్లలో ముంచకండి.

ఇక అసలు విషయం డయల్. కొత్త రంగు వేయడమంటే సాధారణంగా పాత రంగును లోహం దాకా గీకేసి, మళ్లీ పూత వేసి, అక్షరాలను కొత్తగా అచ్చు వేయడం. చేయి జాచినంత దూరం నుంచి చూస్తే అది ముచ్చటగానే ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి. అసలు అచ్చులో అక్షరాల అంచులు కోసినట్టు ఉంటాయి. కొత్త అచ్చులో తరచూ అంచులు ఉబ్బి ఉంటాయి, నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా పడక కొంచెం పక్కకు జరిగి ఉంటాయి. 6 అంకె కింద ఉండవలసిన "స్విస్" అనే చిన్న అచ్చు ఒక్కోసారి మాయమవుతుంది, లేదా అంచుకు మరీ దగ్గరగా పోతుంది. ఎంత నేర్పున్నవారు వేసినా, గీకేసిన అక్షరం తీరు ఎలా ఉండేదో కొంత ఊహించి వేయవలసిందే. పాత కట్టడాల సంరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలంటుంది. వాచీ డయల్‌కూ అంతకంటే సరైన హద్దు నాకు కనబడలేదు.

మచ్చలు చూసి బాధపడేవారికి ఒక మాట. ఎండకు, గాలికి నల్ల డయల్ గోధుమ రంగుకు తిరిగితే దాని కోసమే వెతికి కొనేవారున్నారు. అలా ఉన్నా లేకపోయినా, ఆ డయల్ మీదే మీ తాతగారు టైము చూసుకున్నారు. ఇంట్లో తడి గుడ్డతో తుడిచే ప్రయత్నం మాత్రం అసలు వద్దు. మచ్చకంటే ముందు అక్షరాలు ఊడి వస్తాయి.

కేసు పాలిష్‌ది కొంచెం తేడా, అక్కడ హద్దు లోహాన్ని బట్టి మారుతుంది. పాలిష్ అంటే లోహాన్ని అరగదీయడమే. పట్టీ తగిలించే కొమ్ముల పైభాగం గరుకు చారలతో, పక్కభాగం అద్దంలా ఉండి, రెండింటి నడుమ ఒక పదునైన గీత కనిపిస్తే ఆ కేసుకు ఎక్కువసార్లు పాలిష్ పడలేదని గుర్తు. మర మీద ఒక్కసారి అజాగ్రత్తగా పెడితే ఆ గీత గుండ్రబడుతుంది. స్టీలైతే లేజర్ వెల్డింగుతో లోహం నింపి మళ్లీ చెక్కగల పనివారు ఉన్నారు గానీ, అది అరుదైన నేర్పు. బంగారు పూత కేసుకు ఆ అవకాశమూ లేదు. 20 మైక్రాన్ల మందమే మంచి పూత కింద లెక్క, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. రెండు మూడు పాలిష్‌లకే కింద ఇత్తడి బయటపడుతుంది. చెమట, మురికి శుభ్రం చేయించి అక్కడితో ఆపమంటాను.

బయట చేయి పెట్టక తప్పని సందర్భాలూ ఉన్నాయి. డయల్ రంగు పెచ్చులూడి యంత్రంలో పడుతుంటే, మిగిలిన రంగు ఊడకుండా నిలబెట్టే పని చేయించాలి. ముళ్లలో నింపిన, చీకట్లో వెలిగే రంగు పొడిపొడిగా రాలుతున్నా అంతే. 1960లకు ముందు వాచీల్లో అది రేడియం అయ్యే అవకాశం ఎక్కువ. వెలుగు చచ్చిపోయినా దాని రేడియోధార్మికత పోదు, సగానికి తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత వచ్చిన ట్రిటియం సుమారు 12 ఏళ్లకు సగమవుతుంది. రేడియం వాచీని ఇంట్లో విప్పకండి, గీకకండి, ఆ పొడి ఊపిరితో లోపలికి పోకూడదు. తగిన ఏర్పాట్లు ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి. ఇదివరకే ఎవరో రంగు వేయించేసిన డయల్ అయితే పోగొట్టుకునేదేమీ లేదు. మళ్లీ వేయించడం మీ ఇష్టం.

తయారీ సంస్థ సర్వీసుకు పంపినా, తెలిసిన మెకానిక్‌కు ఇచ్చినా, ఇవ్వకముందే డయల్‌ను, కొమ్ములను దగ్గరగా ఫోటోలు తీసుకోండి. పాలిష్ వద్దని, డయల్, ముళ్లు మార్చవద్దని, తీసేసిన ప్రతి భాగాన్నీ పొట్లం కట్టి తిరిగి ఇవ్వాలని రసీదు మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్తే పని హడావిడిలో మరిచిపోతారు, మర్యాదకొద్దీ మెరుగు పెట్టి ఇచ్చేవారూ ఉంటారు.