స్పిన్ రివ్యూ: ఏజెంట్ల బేరంలో ఎక్కడ చిక్కు పడుతుందో చూపించే పనిముట్టు

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి పాట తెలిసినవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు (ఒకరి తరఫున పనిచేసే ప్రోగ్రాములు) బేరమాడుకునే కాంట్రాక్ట్ నెట్ ప్రోటోకాల్ కొత్తేమీ కాదు. రైతు తరఫు ఏజెంటు ధరలు చెప్పమని పిలుస్తుంది. ఖరీదుదారుల ఏజెంట్లు ధర చెప్తాయి, లేదంటే వద్దంటాయి. ఒకదానికి సరే, మిగతావాటికి కాదు అని జవాబు వెళ్తుంది. రీడ్ స్మిత్ 1980లో ప్రచురించిన ఈ పద్ధతిని తర్వాత ఏజెంట్ల ప్రమాణాల సంస్థ ఫిపా ప్రమాణంగా రాసింది. గడువు దాటి వచ్చిన ధరను తిరస్కరించాలని అందులో ఉంది. కోడ్ రాసేటప్పుడు మరిచిపోయేది సరిగ్గా అదే.

ఆ మరుపును పట్టుకోవడానికి స్పిన్ చాలా బాగుంది. బెల్ ల్యాబ్స్‌లో హోల్జ్‌మన్ తయారుచేసిన ఈ మోడల్ చెకర్ (నమూనా నడవగల దారులన్నీ వెతికి తప్పు చూపే ప్రోగ్రాం) 1991 నుంచి ఉచితం. ఉబుంటులో ఆప్ట్ కమాండ్‌తో దిగుతుంది, సి కంపైలర్ జీసీసీ కూడా ఉండాలి. స్పిన్ నమూనాలు రాసే భాష ప్రోమెలాలో ఒక్కో ఏజెంటుకూ ఒక ప్రోక్‌టైప్ (ప్రాసెస్ నిర్వచనం) రాసి, మధ్యలో సందేశాలు వెళ్లే చానెల్స్ పెట్టాలి. స్పిన్ మైనస్ ఎ కొడితే పాన్ డాట్ సి అనే తనిఖీ ప్రోగ్రాం వస్తుంది. దాన్ని కంపైల్ చేసి, వచ్చిన పాన్‌ను నడపడమే. క్వింటాల్ ధరను రూపాయల్లో పెట్టొద్దు. తక్కువ, ఎక్కువ అని రెండు విలువలు చాలు, లేకుంటే తనిఖీ చేయాల్సిన స్థితులు పెరిగిపోయి మెమరీ నిండుతుంది. ముందు ఇద్దరు ఖరీదుదారులతోనే చూడండి.

అందరూ బోల్తాపడేది గడువు దగ్గర. ప్రోమెలాలో టైమౌట్ అంటే గడియారం కాదు. ఇంకే ప్రాసెసూ కదల్లేనప్పుడే అది నిజమవుతుంది. దాన్నే గడువుగా వాడితే ఆలస్యపు ధర అనే సందర్భమే పుట్టదు, తప్పు లేదని రిపోర్టు వస్తుంది. గడువు ఎప్పుడైనా ముగియవచ్చన్నట్టు ఇఫ్‌లో మామూలు దారిగా రాయండి. అప్పుడు ట్రెయిల్‌లో (తప్పుకు దారితీసిన అడుగుల జాబితాలో) కనిపిస్తుంది: మొదటి ఖరీదుదారు ధర చెప్పింది, గడువు ముగిసింది, రైతు ఏజెంటు సరే చెప్పి వెళ్లిపోయింది, రెండోది ధర పంపి జవాబు కోసం అలాగే నిలబడిపోయింది. ఇన్‌వ్యాలిడ్ ఎండ్ స్టేట్, అంటే ఆగకూడని చోట ఆగిపోవడం! గడువు తర్వాత కూడా ఆలస్యపు ధరలు తీసుకుని కాదని చెప్పే లూప్ పెడితే సరిపోతుంది, దానికి ఎండ్ లేబుల్ (ఇక్కడ ఆగినా తప్పు కాదనే గుర్తు) మరవొద్దు.

చిరాకు పెట్టేవీ ఉన్నాయి. స్పిన్‌కు మైనస్ ఎమ్ ఇస్తే నిండిన చానెల్‌కు పంపిన సందేశం పోతుంది. పాన్‌కు అదే మైనస్ ఎమ్ వెతుకులాట లోతు. ఆ లోతు మామూలుగా 10,000. చాలలేదని హెచ్చరిక వస్తే ఫలితాన్ని నమ్మొద్దు, పెంచి మళ్లీ నడపండి. ధర చెప్పిన ప్రతి ఏజెంటుకూ ఎప్పటికైనా జవాబు అందుతుందా అన్నది ఎల్‌టీఎల్ అనే తర్క భాషలో రాసి, పాన్‌ను మైనస్ ఎ, మైనస్ ఎఫ్‌లతో నడిపితేనే తేలుతుంది.

నిమిషాలు, సెకన్ల లెక్క కావాలంటే మాత్రం కాలాన్ని లెక్కించగల మోడల్ చెకర్ ఉప్పాల్ తీసుకోండి.