సూపర్‌హాట్: మనం కదిలితేనే తూటా కదిలే ఆట

కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు షూటర్ గేముల్లో నన్ను కొట్టేవాడు లేడని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు నలభై నాలుగేళ్లు. ఆన్‌లైన్‌లో ఏ మ్యాచ్‌లో అడుగుపెట్టినా నేను తుపాకీ ఎత్తేలోపే పైకి పంపించేస్తున్నారు. పంపించేవాళ్లలో సగంమంది మా అమ్మాయి ఈడువాళ్లని గొంతు వింటేనే తెలిసిపోతుంది. ఆ అవమానం పడలేక రెండేళ్లుగా వీటి జోలికే పోలేదు. మళ్లీ కూర్చోబెట్టింది సూపర్‌హాట్. మూడు రాత్రులు, అన్నీ కలిపి రెండున్నర గంటలు. అంతలోనే ఆట అయిపోయింది.

ఇందులో రూలు ఒక్కటే. మనం కదిలితేనే కాలం కదులుతుంది. నిలబడిపోతే గాల్లో తూటా కూడా దాదాపు నిలబడిపోతుంది. ఈ ‘దాదాపు’ దగ్గరే నేను మొదట్లో పదిసార్లు చచ్చాను. కాలం పూర్తిగా ఆగదు, నత్తలా జరుగుతూనే ఉంటుంది. తల తిప్పి చూసినా కాస్త ముందుకు జరుగుతుంది. తూటా తగిలితే ఒక్క దెబ్బకే ఖాళీ, మళ్లీ లెవెల్ మొదటినుంచి. కానీ లెవెళ్లు చిన్నవి, మళ్లీ మొదలవడానికి రెప్పపాటు చాలు. అందుకే విసుగు పుట్టదు, పంతం పుడుతుంది.

చూడ్డానికి పిసినారి ఆట. గదులన్నీ తెల్లసున్నం వేసినట్టుంటాయి. శత్రువులు ఎర్రగాజు బొమ్మలు. నల్లగా కనిపించిందల్లా మనం చేతిలోకి తీసుకోవచ్చు. ఈ మూడు రంగులు తప్ప ఇంకేం లేదు. మొదట ఇది డబ్బు మిగుల్చుకోవడం అనుకున్నాను. రెండో రాత్రికి అర్థమైంది: గదిలోకి అడుగుపెట్టగానే ఎవణ్ణి కొట్టాలి, దేంతో కొట్టాలి అన్నది వెతుక్కోకుండానే కంటికి దొరుకుతోంది. సంగీతం లేనట్టే లెక్క. గాజు పగిలిన చప్పుడు, తూటా చెవి పక్కనుంచి మెల్లగా సాగిపోతున్న శబ్దం, అంతే.

బార్‌లో జరిగే లెవెల్ సంగతి చెబితే తప్ప ఈ ఆట పట్టుబడదు. చేతిలో ఏమీ లేదు. ఎదురుగా ఒకడు తుపాకీ ఎత్తాడు. ఆగాను. పక్కన కౌంటర్ మీద సీసా ఉంది. ఒక్క అడుగు వేస్తే అందుతుంది, కానీ ఆ అడుగులో వాడి తూటా బయల్దేరుతుంది. వేశాను. ఎర్రటి గీత లాక్కుంటూ తూటా వస్తోంది. సీసా వాడి మొహం మీదికి విసిరి పక్కకు ఒరిగాను. వాడి చేతిలోంచి తుపాకీ గాల్లోకి లేచింది. అది కిందపడకముందే అందుకుని, వాణ్ణి కాల్చి, ఆ వెనకొచ్చినవాడి కోసం మళ్లీ ఆగాను. గుళ్లు అయిపోతే ఖాళీ తుపాకీని విసరడమే, అదీ ఆయుధమే. కత్తి దొరికితే వచ్చే తూటాని మధ్యలోనే నరకొచ్చు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి వెనక నిలబడి చూస్తోంది. తొమ్మిదో తరగతి.

“హ్యాంగ్ అయిందా నాన్నా?”

“లేదమ్మా, ఆలోచిస్తున్నా.”

“షూటింగ్ గేమ్‌లో ఆలోచించడమేంటి?”

అదే నాకు నచ్చింది. ఇది పేరుకి షూటర్, నిజానికి చదరంగం బల్ల మీద జరిగే వీధి కొట్లాట. తరవాత తనూ మౌస్ తీసుకుంది. అలవాటు కొద్దీ ముందుకెళ్లే మీట మీంచి వేలు తియ్యదు కదా, వరసగా తొమ్మిది సార్లు చచ్చి “దీంట్లో స్లో మోషన్ ఎక్కడుంది?” అని నన్నే నిలదీసింది. చాలా ఏళ్ల తరవాత ఇంట్లో ఒక గేమ్‌లో నాది పైచేయి అయింది.

లెవెల్ అయ్యాక అంతసేపూ చేసిందాన్ని అసలు వేగంతో తిప్పి చూపిస్తారు. నాలుగు నిమిషాలు చెమటలు కక్కి చేసింది పది సెకన్లలో అయిపోతుంది. ఆ పది సెకన్లలో మనిషి సినిమా హీరోలా కనిపిస్తాడు. వెనకాల ఒక గొంతు ‘సూపర్... హాట్...’ అంటూనే ఉంటుంది. మొదటి అయిదారు సార్లు గర్వంగా ఉంది. తరవాత ఆ గొంతు మీద చిరాకు మొదలైంది.

2013లో ఏడు రోజుల్లో షూటర్ తయారుచేసే పోటీ కోసం పోలండ్ కుర్రాళ్లు దీన్ని బ్రౌజర్ ఆటగా చేశారు. మరుసటి ఏడాది కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో డబ్బులు పోగేసి, 2016 ఫిబ్రవరిలో పూర్తి ఆటగా వదిలారు. ఆ ఏడు రోజుల పుట్టుక ఇప్పటికీ కనిపిస్తుంది. ఉన్నది ఒక్క ఆలోచన. దాన్ని సాగదీసి ఇరవై గంటలు చెయ్యలేదు, అందుకు వాళ్లకి దణ్ణం. ‘ఇంత చిన్నదా’ అని చాలామంది అంటారు. నాకు నిడివితో పేచీ లేదు.

పేచీ చివరి భాగంతో. ఆలోచించి అడుగెయ్యమని నేర్పిన ఆటే చివరికొచ్చేసరికి అన్ని వైపులనుంచీ జనాన్ని తోలుతుంది. వెనక తలుపులోంచి వచ్చినవాడు కనపడడు. చూద్దామని తిరిగితే కాలం జరుగుతుంది. చూడకపోతే చస్తాం. అక్కడ గెలిచింది ఆలోచించి కాదు, ఎవడు ఎప్పుడు ఎటునుంచి వస్తాడో బట్టీపట్టి. పైగా అప్పుడే, మన ఒంట్లోంచి శత్రువు ఒంట్లోకి దూకే విద్య ఇస్తారు. పరకాయ ప్రవేశం అన్నమాట. దూకగానే పాత ఒళ్లు పగిలిపోతుంది, మనం గదికి ఆ చివర తేలతాం. సరదాగానే ఉంటుంది. కానీ నిలబడి లెక్కలేసుకునే సుఖం మాత్రం పోయింది.

కథ గురించి ఎక్కువ చెప్పను. పాత డాస్ కంప్యూటర్ తెర, అందులో ఒక స్నేహితుడితో చాటింగ్. ఏ మీట నొక్కినా వాళ్లు రాసిపెట్టిన వాక్యమే పడుతుంది. ఆడొద్దు, వెళ్లిపో అని ఆటే మనల్ని గదమాయిస్తుంది. మొదటిసారి వెన్నులో చలి పుట్టింది. నాలుగోసారికి ‘సరేలేవయ్యా, తరవాతి గది చూపించు’ అనిపించింది. మనం ఆటకు బానిసలం అన్న ముక్క ఒకసారి చెబితే చాలు. కళ్లకు పరికరం తగిలించుకుని ఆడే దీని వీఆర్ రూపంలోంచి, ఆటగాడు తనకు తానే హాని చేసుకునే దృశ్యాలు 2021లో ఒక అప్‌డేట్‌తో తీసేశారు. తియ్యడమే మంచిదంటాను, ఇంట్లో పిల్లలున్నవాణ్ణి. అయితే నేనాడింది ఆ రూపం కాదు.

ఈ ఆటని స్నేహితుడికి ఎలా పొగడాలో కూడా ఆటే మన చేత టైప్ చేయిస్తుంది, కొన్నేళ్లలో నేనాడిన షూటర్లలో ఇంత కొత్తది లేదని. ఆ మాట నేను రాయను, రాయించుకున్నారు కాబట్టి.

పూర్తి ధర పెట్టి కొంటే మూడో రాత్రికి ఉసూరుమంటారు, డిస్కౌంట్ వచ్చేదాకా ఆగండి. నిడివే కావాలంటే దీని తరవాతి ఆట, 2020లో వచ్చిన మైండ్ కంట్రోల్ డిలీట్ ఉంది. అది చాలా పొడుగు. కాకపోతే చూసిన గదులే మళ్లీ మళ్లీ చూడాలి, నేను సగంలో వదిలేశాను. సూపర్‌హాట్‌ని పూర్తిచేస్తే అంతు లేకుండా ఆడే ఎండ్‌లెస్ మోడ్, ఛాలెంజ్‌లు తెరుచుకుంటాయి. ఇప్పుడు రాత్రిపూట పడుకోబోయే ముందు కత్తి ఒక్కదానితోనే ఆడే ఛాలెంజ్ మీద ఉన్నాను. లిఫ్ట్‌లో జరిగే లెవెల్ దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను.