బొర్రా గుహల ప్రతిధ్వని కోసం స్టీమ్ ఆడియో: మా అనుభవం

విశాఖపట్నం మద్దిలపాలెంలోని మా గదిలో ముగ్గురం కలిసి బొర్రా గుహలను వర్చువల్ రియాలిటీలో నిర్మిస్తున్నాం. రాతి ఆకారం, వెలుతురు త్వరగానే కుదిరాయి గానీ చెవికి మాత్రం అది గుహలా అనిపించలేదు. మొదట డబ్బు పెట్టి కొన్న ఒక ప్లగిన్ (శబ్దాన్ని చూసుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఎక్కడ నిలబడినా ఒకే ప్రతిధ్వని వినిపించేది. సున్నపురాతి స్తంభం చాటుకు వెళ్లినా, గుహ ముఖద్వారం దగ్గరికి వచ్చినా నీటిచుక్క చప్పుడు మారేది కాదు. ఆ తరువాత గేముల సంస్థ వాల్వ్ ఉచితంగా అందిస్తున్న స్టీమ్ ఆడియో అనే శబ్ద సాఫ్ట్‌వేర్‌కు మారాం. 2017లో వచ్చిన ఈ సాధనం సోర్స్ కోడ్ 2024 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. మేం వాడే గేమ్ ఇంజిన్ యూనిటీలో చేర్చుకోవడం కష్టమేమీ కాలేదు.

ఇది దృశ్యంలోకి కిరణాలను పంపి, అవి గోడలకు తగిలి మళ్లే తీరును బట్టి ప్రతిధ్వనిని లెక్కగడుతుంది. ప్రతి ఉపరితలం మంద్ర, మధ్య, తార స్థాయిల్లో ఎంత శబ్దాన్ని పీల్చుకుంటుందో, ఎంత తన గుండా పోనిస్తుందో విడివిడిగా చెప్పవచ్చు. ఈ అమరికలు పూర్తయ్యాక హెడ్‌సెట్ పెట్టుకుని స్తంభం చాటుకు ఒక్క అడుగు వేశాను. చుక్క పడిన 'టప్' శబ్దంలోని పదును పోయి, పైకప్పు నుంచి తిరిగొచ్చే సన్నని మోత మిగిలింది. ఆ క్షణాన ఒళ్లు జలదరించింది.

దిశ విషయంలో మాత్రం అందరికీ ఒకే ఫలితం రాదు. శబ్దం పైనుంచి వస్తోందా, వెనుక నుంచా అన్నది మన చెవి డిప్ప ఆకారాన్ని బట్టి మెదడు పోల్చుకునే సంగతి కాబట్టి, సగటు తలకు సరిపడే కొలతలతో నాకు సరిగ్గా వినిపించిన చుక్క మా మిత్రుడికి వీపు వెనుక పడింది. మన తల, చెవుల సొంత కొలతలుంటే వాటిని సోఫా (SOFA) అనే ఫార్మాట్ ఫైలుగా ఇచ్చుకునే వీలుంది. ప్రతిధ్వనిని అప్పటికప్పుడు లెక్కగట్టడం ప్రాసెసర్‌కు బరువు గనుక, కదలని గుహ గోడలకు ముందే బేక్ చేసుకోవడం, అంటే ముందుగానే లెక్కగట్టి దాచుకోవడం మేలు.

బొర్రాలో గైడుగా పనిచేసిన ఒక పెద్దాయనకు వినిపిస్తే, కళ్లు మూసుకుని విని, "ఆ మూల ఇంత మోగదు బాబూ, అక్కడ నేలంతా గబ్బిలాల రెట్టే" అన్నారు. ఆ నేలకు శబ్దాన్ని పీల్చుకునే విలువ పెంచి మళ్లీ వినిపించాం. ఈసారి ఆయన తల ఊపారు.