ఐపీనా అనలాగా అని కాదు, రికార్డింగ్ చూసి డబ్బులివ్వండి

సీసీ కెమెరాలు ఐపీవి (నెట్‌వర్క్ వైరు మీద నడిచేవి) అయినా, అనలాగ్‌వి (వీడియో వైరు మీద నడిచేవి) అయినా, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, మీ కాలనీ టెక్నీషియన్‌తో పెట్టించుకున్నా, కొటేషన్‌లో "4 ఫుల్ హెచ్‌డీ కెమెరాలు, 1 టీబీ హార్డ్‌డిస్క్, 30 రోజుల బ్యాకప్" అని ఉంటే అక్కడే ఆగండి. ఈ మూడూ ఒకచోట పొసగవు.

2 మెగాపిక్సెల్ కెమెరాను హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి)లో 2 ఎంబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు రాసే డేటా) దగ్గర 24 గంటలూ నడిపితే రోజుకు 21.6 జీబీ తింటుంది. నాలుగింటికి 86 జీబీ పైనే. డిస్క్ పదకొండు రోజులకే నిండుతుంది. దాన్నే 30 రోజులకు సాగదీయాలంటే బిట్‌రేట్‌ను కెమెరాకు 770 కేబీపీఎస్ దాకా కోయాలి. అప్పుడు గోడ, గేటు బాగానే కనిపిస్తాయి. నడిచే మనిషి ముఖం మాత్రం పిండిముద్ద. మోషన్ రికార్డింగ్ (కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయడం) మీద రోజులు పెరుగుతాయి, కానీ ఆ మాట కొటేషన్‌లో రాసివ్వమనండి. వంద మంది పోగయ్యే చోట్లకు 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం 30 రోజుల ఫుటేజీ అడుగుతుంది, వాళ్లకు ఈ కోత మరీ ప్రమాదం.

రెండో మోసం డీవీఆర్‌లో, అంటే అనలాగ్ కెమెరాల వీడియోను రికార్డు చేసే డబ్బాలో ఉంటుంది. డబ్బా మీద 1080ఎన్ అనో, 1080పీ లైట్ అనో ఉంటే అది రికార్డు చేసేది 960x1080, అంటే అడ్డంగా సగం పిక్సెళ్లే. 90 డిగ్రీల లెన్స్‌తో 5 మీటర్ల దూరంలో 10 మీటర్ల వెడల్పు పడుతుంది. నిజమైన 1080పీలో మీటరుకు 192 పిక్సెళ్లు, లైట్‌లో 96. కొత్త మనిషిని ముఖం చూసి గుర్తించడానికి మీటరుకు 250 కావాలని ప్రమాణం. కాబట్టి లైట్ డీవీఆర్‌కు 5 మెగాపిక్సెల్ కెమెరా తగిలించినా డబ్బు దండగే.

షాపులో ఐపీ, అనలాగ్ పక్కపక్కన చూపించి "తేడా చూశారా సార్" అంటే ఫోన్ యాప్‌ను నమ్మకండి. అనలాగ్‌ది సబ్ స్ట్రీమ్ (ఫోన్‌కు పంపే తక్కువ నాణ్యత వీడియో)లో ఉంటే 352x288 బొమ్మే వస్తుంది, దాని పక్కన ఏ ఐపీ అయినా గొప్పగానే ఉంటుంది. రెండింటినీ మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత వీడియో)లో, ఒకే మెగాపిక్సెల్, ఒకే లెన్స్‌తో పెట్టమనండి. పగలు పెద్ద తేడా కనబడదు. రాత్రి సంగతి సెన్సర్ సైజు, లెన్స్ ఎఫ్ నంబర్ (ఎంత వెలుతురు లోపలికి వస్తుందో చెప్పేది) చేతిలో ఉంటుంది, వైరు రకంలో కాదు.

వైరు మాట వచ్చింది కాబట్టి: అనలాగ్‌కు వేసే 3+1 అయినా, ఐపీకి వేసే క్యాట్ 6 అయినా కొసను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూత వేసిన అల్యూమినియం. చీకటి పడి కెమెరాలోని ఐఆర్ (రాత్రిపూట చూపు కోసం పెట్టే) లైట్లు వెలగగానే వోల్టేజీ పడిపోయి, దూరంగా ఉన్న కెమెరా ఆగి ఆగి ఆన్ అవుతుంది.

చివరి వాయిదా ఇచ్చే ముందు రాత్రి ఎనిమిది దాటాక గేటు దగ్గర ఒకరిని మామూలు వేగంతో నడిపించండి. లైవ్ వద్దు. ఆ క్లిప్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, ల్యాప్‌టాప్‌లో ఆపి, ముఖం, బండి నంబరు చదవండి. రికార్డర్ ఎన్‌కోడ్ మెనూలో మెయిన్ స్ట్రీమ్ రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్, బిట్‌రేట్ ఫొటో తీసుకోండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చి మీ దగ్గర పెట్టుకోండి, తర్వాత అడిగితే సర్వీస్ చార్జీ అంటారు.