ఐర్లండ్‌లో ఒక్కసారే విప్పిన కందిపొడి డబ్బా

ఐర్లండ్ వెళ్తున్నామని చెప్పగానే బంధువులందరిదీ ఒకటే మాట: పొడులూ పచ్చళ్ళూ సర్దుకోండి, అక్కడ బంగాళాదుంపలు తప్ప ఏమీ దొరకవని. వాళ్ళ మాట కాదనలేక ఒక కందిపొడి డబ్బా పెట్టుకున్నాం. పది రోజుల్లో దాన్ని ఒక్కసారే విప్పాం. ఆ కథ తరువాత చెబుతాను. నేను చేపలూ మాంసమూ తింటాను. మా ఆవిడ గుడ్డు వరకు సరే, ఆపైన ఏదీ ముట్టదు. కాబట్టి హోటల్ ఎంచుకోవడం మాకు ఎప్పుడూ పంచాయితీయే.

మొదట కార్క్ నగరం. 1788 నుంచి నడుస్తున్న ఇంగ్లిష్ మార్కెట్‌లో, దుకాణాల పైన వరండాలా కట్టిన అంతస్తులో ఫామ్‌గేట్ కెఫే ఉంది. కింద చేపల దుకాణంలో మంచు ముక్కలు సర్దుతుంటే చూస్తూ పైన భోంచేయవచ్చు. నేను చౌడర్ తెప్పించుకున్నాను. చేపలు, ఆల్చిప్పల మాంసం, మీగడ వేసి చిక్కగా కాచే పులుసు అది. దానికన్నా పక్కన పెట్టిన గోధుమ రొట్టె నన్ను పట్టేసింది. ఈస్టు వేయరు. మజ్జిగలోని పులుపూ వంటసోడా కలిసి పిండిని పొంగిస్తాయి. పైన పెళుసుగా, లోపల తడిగా ఉంటుంది. పచ్చిక మేసిన ఆవుల వెన్న పసుపు రంగులో ఉంటుంది. దాన్ని మందంగా రాసుకుని తింటే ఇక కూర అక్కర్లేదు. మార్కెట్‌కు ఆదివారం సెలవు. మిగతా రోజుల్లోనూ ఇది పగటిపూట భోజనానికే.

అదే ఊళ్ళో రాత్రికి పారడీసో. 1993 నుంచి పూర్తిగా శాకాహారమే వండుతున్న రెస్టారెంటు. వంటకాలు వాళ్ళు నిర్ణయించిన వరుసలోనే వస్తాయి, ధర కూడా గట్టిదే. బీట్‌రూట్, గొర్రె పాల చీజ్ కలిపిన పళ్ళెం వచ్చినప్పుడు ఇందులో ఏముంటుందిలే అనుకున్నాను. రెండో ముద్దకు నోరు మూసుకున్నాను. మా ఆవిడ మాత్రం, “ఏమండీ, మెనూ మొత్తం నాదే అయిన చోటు ఇన్నేళ్ళలో ఇదొక్కటే” అంది. వారం ముందే టేబుల్ చెప్పుకోవడం మంచిది.

బస చేసిన ఇళ్ళలో పొద్దుటి ఫలహారం బాగానే ఉంటుంది. అయితే శాకాహారులకు ఒక హెచ్చరిక: పుడ్డింగ్ అనగానే తీపి అనుకోకండి. బ్లాక్ పుడ్డింగ్ అంటే పంది రక్తం, ఓట్స్ కలిపి చేసిన సాసేజ్. మా ఆవిడ పళ్ళెంలోకి రాబోయిన దాన్ని చివరి క్షణంలో ఆపాను.

ఇక డబ్బా సంగతి. పడమటి తీరంలో ఒక చిన్న ఊరికి రాత్రి తొమ్మిది దాటాక చేరాం. పబ్బు కిటకిటలాడుతోంది, ఫిడేలు మోగుతోంది, బీరు పారుతోంది. తినడానికి మాత్రం ఏమీ లేదు, వంటగది అప్పటికే మూసేశారు. చిప్స్ పొట్లాలు రెండు చేతిలో పెట్టి పంపారు. గదికి వెళ్ళి, మధ్యాహ్నం మిగిలిన సోడా రొట్టె మీద వెన్న రాసి, కందిపొడి చల్లుకున్నాం. ఈ ప్రయాణం మొత్తంలో అంతకన్నా మంచి భోజనం లేదని మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది.

నేను ఒప్పుకోను. నా ఓటు గాల్వే దగ్గర కిల్‌కోల్గన్‌లోని మోరన్స్ ఆయిస్టర్ కాటేజ్ అనే రెస్టారెంటుకే. గడ్డి కప్పు ఇల్లు, గుమ్మం ముందే సముద్రపు పాయ. ఆయిస్టర్లంటే ఒక రకం ఆల్చిప్పలు. అక్కడి నాటు ఆయిస్టర్లు సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకే దొరుకుతాయి. మేము వెళ్ళింది సెప్టెంబరులో కాబట్టి అదృష్టం. గుండ్రటి, బల్లపరుపు చిప్పల్లో ఆరు వచ్చాయి. నిమ్మరసం పిండి, పచ్చిగానే తినాలి. మొదటిది జంకుతూ గుటుక్కున మింగేశాను. ఉప్పు తప్ప ఏమీ తెలియలేదు. రెండోది నమిలాను. ముందు సముద్రపు నీరు, తరువాత తియ్యదనం, చివర రాగి చెంబులో నీళ్ళు తాగినట్టు ఒక లోహపు రుచి. ఎదురుగా కూర్చున్న మా ఆవిడ ముఖం తిప్పుకుని, నా వాటా రొట్టె కూడా తినేసింది.