పెళ్లయింది, పాప ఉంది: పాత పన్ను విధానమా, కొత్తదా?

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ నిండా తెలుగువాళ్లే. ఫారం 16 (జీతం, కోసిన పన్ను లెక్కలతో ఆఫీసు ఇచ్చే కాగితం) చేతికి రాగానే ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, పాప పుట్టింది కదా, ఈసారి రీఫండ్ ఎక్కువ వస్తుందా?"

అమెరికాలోని చుట్టాల మాటలు విని పెట్టుకున్న ఆశ ఇది. అక్కడ భార్యాభర్తలు కలిపి ఒకే రిటర్న్ వేయొచ్చు. 17 ఏళ్లు నిండని ఒక్కో బిడ్డకు 2025కి 2,200 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది. మన దగ్గర శ్లాబులకు (ఆదాయాన్ని బట్టి పెరిగే పన్ను మెట్లకు) పెళ్లితో సంబంధం లేదు, ఎవరి రిటర్న్ వారిదే. పిల్లల ఫీజుకు మినహాయింపు ఉంది కానీ అది పాత విధానంలోనే. పాతదానిలో మినహాయింపులు ఎక్కువ; కొత్తదానిలో రేట్లు తక్కువ, కానీ మినహాయింపులు దాదాపు ఉండవు.

అదీ ఎంత? ఆదాయపు పన్ను చట్టంలోని 80సి సెక్షన్ కింద ఇద్దరు పిల్లల వరకు ట్యూషన్ ఫీజు చూపించొచ్చు. ప్లేస్కూల్ ఫీజు కూడా పనికొస్తుంది. డొనేషన్, బస్సు డబ్బులు పనికిరావు. అయితే 80సి మొత్తానికి కలిపి హద్దు లక్షన్నర. బేసిక్ ఏడాదికి 9 లక్షలుంటే, దాని మీద 12 శాతం లెక్కన, ఇదే హద్దులోకి వచ్చే పీఎఫ్‌కే 1,08,000 పోతుంది. ఇక మిగిలేది 42 వేలు. పాపకు ఎంత ఫీజు కట్టినా లెక్కకొచ్చేది అంతే. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు దానివల్ల తగ్గేది సుమారు 13 వేలు.

ఇప్పుడు 2025-26కి 18 లక్షల జీతం, నెలకు 30 వేల అద్దె ఉన్న ఇంటి లెక్క చూద్దాం. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ నేరుగా తీసేసే మొత్తం) 50 వేలు, 80సి లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు 2.7 లక్షలు తీసేస్తే సెస్‌తో కలిపి పన్ను 2,12,160. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తప్ప ఏమీ తీయకపోయినా 1,50,800. పాప ఫీజు చూపించాక కూడా కొత్తదే 61 వేలకు పైగా లాభం. ఈ జీతానికి పాతది గెలవాలంటే మినహాయింపులన్నీ కలిపి దాదాపు 6.9 లక్షలు దాటాలి. అద్దె బాగా ఎక్కువైతేనో, ఊళ్లో సొంతింటి లోన్ వడ్డీ కూడా ఉంటేనో తప్ప కష్టం.

ఇద్దరూ ఉద్యోగులైతే చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది: ఇద్దరూ ఒకే విధానం ఎంచుకోనక్కర్లేదు. జీతం 12.75 లక్షల లోపున్నవాళ్లకు కొత్తదానిలో పన్నే ఉండదు, వాళ్ల పేరున ఫీజు చూపిస్తే వృథా. రెండోవారికి పాతది మేలైతే ఆ రసీదులు వారి రిటర్న్‌లో పెట్టాలి. ఆఫీసులో కొత్త విధానం ప్రకారం టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) కోసినా పర్వాలేదు, రిటర్న్‌లో పాతది ఎంచుకుంటే ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుంది. గడువు తేదీ దాటితే మాత్రం పాతది ఎంచుకునే వీలుండదు.

నా విషయంలో పెళ్లి వల్ల రీఫండ్‌కు జరిగింది ఒక్కటే: ఆగిపోయింది. బ్యాంకులో ఇంటిపేరు మార్చుకున్నాను, పాన్‌లో పుట్టింటి పేరే ఉంది. పేర్లు కలవక డబ్బు ఖాతాలో పడలేదు. నెలల తరబడి టెన్షన్ పడ్డాను. కొత్తగా పెళ్లైన అమ్మాయిలూ, రిటర్న్ వేసే ముందే పాన్‌లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకుని, ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఖాతాను ధ్రువీకరించుకోండి.