టామోక్సిఫెనా, లెట్రోజోలా: ఏది మేలు?

అమలాపురం దగ్గర ఉండే మా పిన్నికీ, ఆవిడ కోడలు, అంటే మా వదినకీ, ఏడాది తేడాలో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇద్దరిదీ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివే, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఊతంతో పెరిగే రకం. ఆపరేషన్ అయ్యాక పిన్నికి లెట్రోజోల్ 2.5 మి.గ్రా., వదినకి టామోక్సిఫెన్ 20 మి.గ్రా. రాశారు. "అత్తయ్యగారి మాత్రే నాకూ ఇవ్వచ్చు కదండీ, నాకూ ముట్టు ఆగిపోయి ఆరేళ్లయింది" అంది వదిన.

ఈస్ట్రోజెన్ కణంలోని రిసెప్టర్‌కి, అంటే దాన్ని పట్టుకునే ప్రోటీన్‌కి, అతుక్కుంటుంది. ఆ జంట డీఎన్ఏ మీద చేరి, కణం విభజన చెందడానికి కావాల్సిన జన్యువుల్ని మేల్కొలుపుతుంది. టామోక్సిఫెన్ చేను దగ్గర తూము మూసినట్టు పనిచేస్తుంది: హార్మోన్ కూర్చునే చోట తానే కూర్చుంటుంది. లెట్రోజోల్ అసలు నీళ్లనే తగ్గిస్తుంది: ఆరోమటేజ్ అనే ఎంజైమును ఆపి ఈస్ట్రోజెన్ తయారవనివ్వదు.

ముట్లుడిగాక అండాశయాల నుంచి ఈస్ట్రోజెన్ దాదాపు రాదు. వచ్చే కాస్తా కొవ్వు కణాల్లాంటి చోట్ల తయారయ్యేదే. వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్లతో తడుపుకున్నట్టన్నమాట. ఆ బోరుని లెట్రోజోల్ ఆపేస్తుంది. ఆ వయసులో జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో టామోక్సిఫెన్ కంటే ఇదే కొంత మెరుగు. పిన్నికి 61 ఏళ్లు కాబట్టి నా ఓటు కూడా దీనికే. కాకపోతే ఎముకలు పలచబడతాయి, కీళ్లు నొప్పులు పెడతాయి.

వదిన సంగతి వేరు. ఆవిడకి 35 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. మా వైపు ఊళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. గర్భసంచి లేకపోతే ముట్టు రాదు, నిజమే. కానీ అండాశయాలు ఉంచితే అవి పనిచేస్తూనే ఉంటాయి. రక్తపరీక్షలో వదినకి అదే తేలింది. ధవళేశ్వరం నుంచి కాలవ పారుతుంటే బోరు ఆపి ఏం లాభం? పైగా లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే, ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడు అండాశయాల్ని మరింత తరుముతుంది. వాటిని నిద్రపుచ్చే ఇంజెక్షన్ తోడుంటేనే ఆ మాత్ర పనికొస్తుంది. అందుకే "ముట్టు ఎప్పుడాగింది?" అని డాక్టర్ అడిగితే, గర్భసంచి ఆపరేషన్ సంగతి, అండాశయాలు ఉంచారో తీశారో కూడా చెప్పి తీరాలి. పాత కాగితాలుంటే వెంట తీసుకెళ్లండి.

టామోక్సిఫెన్‌తో ఒక చిక్కుంది. రొమ్ములో కణాల ఎదుగుదలని ఆపేదే, గర్భసంచి లోపలి పొరలో ఎదుగుదలని రేపుతుంది. అక్కడ రిసెప్టర్‌తో చేతులు కలిపే ప్రోటీన్లు వేరు. గర్భసంచి ఉన్నవాళ్లకి ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. వదినకి ఆ భయం లేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం ఉంది, వాపొస్తే చెప్పమన్నారు.

ఇద్దరి మాత్రలూ వేర్వేరు డబ్బాల్లో పెట్టించాం, పేర్లు పెద్దక్షరాలతో రాసి. పిన్నికి వచ్చే నెల కాకినాడలో ఎముకల స్కాన్ ఉంది.